కిల్లీ చేప దాక్కుంటోందా? చిన్న ట్యాంకులో ఏం మార్చాలి, తోడుగా ఏ చేపల్ని వెయ్యాలి

"కిల్లీ జత తెచ్చి వారమైందన్నా, మేత వేసినా బయటికి రావడం లేదు" అని నెల్లూరు నుంచి ఒకరు. "ఒంటరిగా ఉందని బెదురుతోందేమో, నాలుగు గప్పీలు వేస్తే సరిపోతుందా?" అని ఒంగోలు నుంచి ఇంకొకరు. ఊళ్ళు మారుతున్నాయి గానీ అడిగేది ఒకటే. విడివిడిగా జవాబు చెప్పే బదులు మొత్తం వరసగా రాసేస్తే మేలనిపించింది.

పనిలోకి దిగేముందు ఒక్క సంగతి తెలుసుకోండి. కిల్లీల్లో చాలావరకు నీటి పైభాగంలో, ఆకుల నీడన కదలకుండా నిలబడి, నీటిమీద పడే పురుగు కోసం కాచుకునే చేపలు. వాటిని తినే కొంగలు, లకుముకి పిట్టలు పైనుంచే వస్తాయి. అందుకే నెత్తిన నీడ లేకపోతే వాటికి భయం, మూలకు పోయి నక్కుతాయి. "దాక్కునే చోట్లన్నీ తీసేస్తే బయటికి వస్తుంది కదా" అని మొక్కలు పీకేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది తిరగేసిన లెక్క. దాక్కోవడానికి పది చోట్లు ఉన్న కిల్లీ రోజంతా ముందుభాగంలో తిరుగుతుంది. ఒక్క చోటే ఉన్నది అక్కడినుంచి కదలదు.

ఏమేం కావాలి

- ట్యాంకు. మధ్యరకం కిల్లీలకి (ఒక మగ, రెండు మూడు ఆడ), కొద్దిపాటి తోడుకి అడుగున్నర ట్యాంకు (18×12×12 అంగుళాలు, సుమారు 40 లీటర్లు). అడుగు ట్యాంకులో 28 లీటర్లే పడతాయి. అందులో చిన్న రకం కిల్లీలు మాత్రమే, తోడు లేకుండా. గోల్డెన్ వండర్‌కి రెండడుగులు ఉండాల్సిందే.
- సందు లేకుండా మూసుకునే మూత.
- స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంపు, గాలి తగ్గించుకునే చిన్న వాల్వు.
- తేలే మొక్క: అంతరతామర గానీ, సాల్వీనియా గానీ. అడుగున జావా మాస్ లేదా జావా ఫెర్న్.
- ఎండి రాలిన బాదం ఆకులు నాలుగైదు.
- నల్ల చార్ట్ పేపరు, టేపు.
- థర్మామీటర్, టీడీఎస్ మీటర్ (నీళ్ళలో కరిగిన లవణాలు ఎన్నున్నాయో చూపించేది). టీడీఎస్ మీటర్ రొయ్యల రైతుల దగ్గరో, వాటర్ ప్లాంట్ వాళ్ళ దగ్గరో ఉంటుంది. కొనలేకపోతే ఒకసారి అడిగి చూసుకున్నా చాలు.
- క్లోరిన్ విరుగుడు చుక్కలు.
- కొత్త చేపల్ని విడిగా ఉంచడానికి మూత ఉన్న ప్లాస్టిక్ టబ్బు.

1. ముందు అది ఏ కిల్లీయో తేల్చుకోండి

కిల్లీల్లో వెయ్యికి పైగా జాతులున్నాయి. మనకి దొరికేవి నాలుగైదే అయినా, ఒకదానికి కుదిరిన తోడు ఇంకోదానికి మేత అవుతుంది. అందుకే ఇది మొదటి మెట్టు.

గోల్డెన్ వండర్: దక్షిణ భారతదేశపు చేప అప్లోకైలస్ లీనియాటస్‌కి పెంపకంలో వచ్చిన బంగారు రంగు రకం. 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ధైర్యం ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. ఇది గనక దాక్కుంటోందంటే సిగ్గనుకోకండి, ట్యాంకులో ఏదో తేడా ఉంది.

పంచాక్స్: దీనికి దగ్గరి బంధువు. మన కాలువల్లో, చేల పక్క గుంటల్లో బతికే జాతి. గట్టి నీళ్ళకి, వేడికి బాగా తట్టుకుంటుంది.

గార్డ్నరీ: నైజీరియా, కామెరూన్ చేప. ఆరు సెంటీమీటర్లు. మగవి రెండుంటే పోట్లాట తప్పదు.

లైర్‌టైల్: గాబన్ తీరప్రాంతం నుంచి వచ్చింది. నెమ్మదస్తురాలు, తోక అంచులు పొడుగు. తోకలు కొరికే చేప పక్కన ఉంటే పాపం మొదట బలయ్యేది ఇదే.

క్లౌన్ కిల్లీ: పశ్చిమ ఆఫ్రికాది. మూడున్నర సెంటీమీటర్లు. అన్నిటికంటే బెరుకు. ఏడెనిమిది కలిపి ఉంచితేనే కుదురుగా ఉంటుంది.

నోతోబ్రాంకియస్: తూర్పు ఆఫ్రికాలో వానగుంటల్లో పుట్టి, గుంట ఎండిపోయేలోగా మట్టిలో గుడ్లు పెట్టి చచ్చిపోయే చేప. చాలావాటికి ఏడాది కూడా ఆయుష్షు ఉండదు. దీన్ని విడి ట్యాంకులోనే పెంచండి, తోడు గురించి ఆలోచించొద్దు.

హెచ్చరిక: కాలువలో పట్టుకొచ్చినదైతే అది గంబూసియా కాదని చూసుకోండి. దోమల నివారణ కోసం ఊరూరా గుంటల్లో వదిలిన చేప అది. బూడిద రంగు, పిల్లల్ని కంటుంది, ఆడదానికి పొట్ట చివర నల్ల మచ్చ ఉంటుంది. పంచాక్స్ నెత్తి బల్లపరుపుగా ఉండి, దానిమీద వెండి చుక్క మెరుస్తుంది. వీపు రెక్క బాగా వెనక్కి, తోక దగ్గరికి ఉంటుంది. గంబూసియా సైజు చిన్నదే అయినా రెక్కలు కొరకడంలో దాన్ని మించింది లేదు. కిల్లీ అనుకుని కిల్లీల మధ్య వేస్తే వారంలో అందరి తోకలూ చిరుగులే.

2. మూత వెయ్యండి, సందులు మూయండి

కిల్లీ ఎగురుతుంది. బెదిరినది ఇంకా ఎక్కువ ఎగురుతుంది. ఫిల్టర్ పైపు బయటికి వచ్చే వేలెడంత సందు దానికి చాలు. పొద్దున చూస్తే ట్యాంకులో చేప ఉండదు, టేబుల్ కింద చీమల బారు ఉంటుంది. "దాక్కుందేమో" అని రెండు రోజులు వెతికి, తర్వాత ఊడుస్తుంటే దొరికిందని చెప్పేవాళ్ళు కొత్తేం కాదు.

గాజు పలక ఉంటే సరే. లేకపోతే కిటికీలకి కొట్టే దోమల మెష్‌ని ట్యాంకు సైజుకి కత్తిరించి, చుట్టూ వెల్క్రో అంటించండి. వేడి కాలంలో గాజు కంటే ఇదే నయం, గాలి ఆడుతుంది. పైపు దగ్గర సందుని స్పాంజ్ ముక్కతో కూరండి. నీటి మట్టాన్ని అంచుకి రెండంగుళాలు కిందే ఆపండి. మేత వేసేటప్పుడు మూత మొత్తం ఎత్తకండి, ఒక మూల కొద్దిగా లేపితే చాలు.

3. నెత్తిన నీడ, మూడు పక్కలా తెర

దాక్కోవడం తగ్గించే మెట్టు ముఖ్యంగా ఇదే. దీన్ని వదిలేసి మిగతావన్నీ చేసినా లాభం లేదు.

నీటి పైభాగంలో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా తేలే మొక్కతో కప్పండి. అంతరతామర అయితే మరీ మంచిది. దాని వేళ్ళు కిందికి జాలువారి కిల్లీకి తెరలా పనికొస్తాయి. కుదుటపడిన కిల్లీ ఎలా ఉంటుందో ఈ వేళ్ళ మధ్యే చూడాలి. ఒళ్ళు కదలదు, చెంపల పక్క రెక్కలు మాత్రం సన్నగా ఆడుతుంటాయి, కళ్ళు పైకే. ఒక దోమ లార్వా నీటి పొరని తాకిందంటే చాలు, రెప్పపాటులో దాన్ని పట్టి మళ్ళీ అదే వేరు పక్కకి వచ్చి నిలబడుతుంది. దీన్ని చూసి "నీరసంగా ఉంది" అనుకోకండి, అది దాని ఉద్యోగం.

మొక్కలు కాలువ నుంచి తెచ్చుకుంటే వేళ్ళలో జలగలు, తూనీగ పిల్లలు వస్తాయి. తూనీగ పిల్ల చిన్న చేపని పట్టి తినేస్తుంది. పొటాషియం పర్మాంగనేట్‌తో నీళ్ళు లేత గులాబీ రంగుకి వచ్చేలా కలిపి పది నిమిషాలు ముంచండి. తర్వాత బాగా కడిగి ఒక వారం బకెట్లో విడిగా ఉంచండి. వరి చేల పక్క కాలువలో మందు కొట్టిన నీళ్ళు ఉండొచ్చు, అందుకే ఆ వారం. గుర్రపుడెక్క మాత్రం తేవొద్దు, చిన్న ట్యాంకంతా అదే అవుతుంది.

మొక్కలు నిలవకపోతే? ప్లాస్టిక్ తేలే మొక్కలైనా సరే. అదీ దొరక్కపోతే ముదురు రంగు నూలు దారాల కుచ్చుని థర్మాకోల్ ముక్కకి కట్టి తేలేయండి. కిల్లీలు పెంచేవాళ్ళు గుడ్ల కోసం వాడే పద్ధతే ఇది, దాక్కోవడానికీ పనికొస్తుంది. రంగు కారని దారమై ఉండాలి, ఒకసారి వేడినీళ్ళలో ఉడికించి చూసుకోండి.

ట్యాంకు వెనక, రెండు పక్కలా నల్ల చార్ట్ పేపరు అంటించండి. నాలుగు పక్కలా మనుషులు కనబడే ట్యాంకులో ఏ చేపకీ నెమ్మది ఉండదు. అడుగున తెల్ల గులకరాళ్ళు, రంగురంగుల గాజు రాళ్ళు ఉంటే తీసేసి నల్లటి లేదా గోధుమ రంగు సన్నటి ఇసుక వెయ్యండి. సముద్రపు ఇసుక వద్దు, అందులో గవ్వల పిండి ఉండి నీళ్ళని గట్టిపరుస్తుంది.

బాదం ఆకులు మన వీధుల్లో ఊరికే రాలుతుంటాయి. చెట్టునుంచి కోసినవి పనికిరావు, తనంతట తాను రాలి గోధుమ రంగులో ఎండినవే తీసుకోండి. కడిగి, ఒక రాత్రి నానబెట్టి, 20 లీటర్లకి ఒక ఆకు చొప్పున వెయ్యండి. నీళ్ళు పలచటి టీ డికాషన్ రంగుకి వస్తాయి, వెలుతురు మెత్తబడుతుంది. ఇంట్లోవాళ్ళు "నీళ్ళు మురికయ్యాయి" అంటారు, పట్టించుకోకండి. ఆకు చివికి జల్లెడలా అయినప్పుడు మార్చండి.

4. ధార తగ్గించండి, లైటు తగ్గించండి

వెనక తగిలించే ఫిల్టర్ నుంచి నీళ్ళు పైన జలపాతంలా పడుతుంటే కిల్లీ నిలబడే చోటే పోతుంది. స్పాంజ్ ఫిల్టర్ పెట్టి బుడగలు నెమ్మదిగా వచ్చేలా వాల్వు తిప్పండి. తేలే మొక్కలు ఒకచోట నిలవకుండా గిరగిరా తిరుగుతున్నాయంటే ధార ఇంకా ఎక్కువే.

లైటు రోజుకి ఆరేడు గంటలు చాలు. చీకటి గదిలో ఒక్కసారిగా ట్యాంకు లైటు వెయ్యొద్దు. ముందు గది లైటు వేసి, పావుగంట ఆగి ట్యాంకుది వెయ్యండి. ఆర్పేటప్పుడు దీనికి తిరగేసి. రాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు ట్యాంకు లైటు దానంతటదే వెలిగేలా ఉంటే స్విచ్ ఆపి పడుకోండి, ఎగిరి బయటపడేది చాలాసార్లు ఆ క్షణంలోనే.

5. నీళ్ళు, ఎండాకాలం

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నీళ్ళ గొడవ ఊరూరికీ వేరు. తీరం వెంబడి, మైపాడు, కొత్తపట్నం వైపు బోరు నీళ్ళలో ఉప్పదనం. పడమరగా దర్శి వైపు వెళ్తే గట్టి నీళ్ళు, చాలాచోట్ల ఫ్లోరైడ్. టౌన్లో కుళాయి నీళ్ళకి క్లోరిన్. ఇంట్లో బోరు టీడీఎస్ 900 చూపిస్తుంటే ఆఫ్రికా కిల్లీలకి అది ఎక్కువ. అలాగని వాటర్ ప్లాంట్ నుంచి తెచ్చే 20 లీటర్ల క్యాను నీళ్ళు ఒక్కటే పోస్తే అందులో లవణాలు దాదాపు ఉండవు, పీహెచ్ నిలకడగా ఉండదు. రెండూ కలపండి. బోరు 900, క్యాను 50 అనుకుంటే ఒక వంతు బోరు, మూడు వంతుల క్యాను నీళ్ళు కలిపితే 260 దగ్గరికి వస్తుంది. 150 నుంచి 300 మధ్య ఉంటే సరిపోతుంది. గోల్డెన్ వండర్‌కి, పంచాక్స్‌కి ఇంత పట్టింపు అక్కర్లేదు, 500 ఉన్నా తట్టుకుంటాయి.

కుళాయి నీళ్ళయితే క్లోరిన్ విరుగుడు చుక్కలు వెయ్యండి. వారానికి అయిదో వంతు నీళ్ళు మార్చండి. ఒక్కసారిగా సగం మార్చితే మళ్ళీ రెండు రోజులు దాక్కుంటుంది.

వేడి సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. గార్డ్నరీ, లైర్‌టైల్ లాంటివాటికి 22 నుంచి 26 డిగ్రీలు సుఖం. మే నెలలో నెల్లూరు ఇంట్లో చిన్న ట్యాంకు 32 దాటడం పెద్ద విషయం కాదు. ఆ వేడిలో నీళ్ళలో ఆక్సిజన్ తగ్గి, చేప ఎగశ్వాస తీస్తూ ఒక మూల పడి ఉంటుంది. దాన్ని సిగ్గనుకుని మొక్కలు సర్దుతూ కూర్చోకండి, ముందు థర్మామీటర్ చూడండి. మెష్ మూత మీదుగా చిన్న టేబుల్ ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకి క్యాను నీళ్ళు కలపండి, బోరు నీళ్ళు కలుపుతూ పోతే టీడీఎస్ పెరిగిపోతుంది. ట్యాంకుని డాబా కింది గదిలోనుంచి, పడమటి గోడ దగ్గరనుంచి మార్చండి. ఐసు ముక్కలు నేరుగా వెయ్యొద్దు.

నా అభిప్రాయం అడిగితే, ఏసీ గది గానీ చల్లటి గది గానీ లేనివాళ్ళు ఆఫ్రికా రకాల జోలికి పోకుండా పంచాక్స్‌తోనో, గోల్డెన్ వండర్‌తోనో మొదలుపెట్టడం తెలివైన పని.

6. రెండు వారాలు తోడు లేకుండా ఉంచండి

పై మార్పులన్నీ చేశాక వెంటనే కొత్త చేపలు వెయ్యొద్దు. కిల్లీల్నే ఉంచి చూడండి. మగ ఒకటికి ఆడ రెండు లేదా మూడు ఉండాలి. ఒక మగ, ఒక ఆడ మాత్రమే ఉంటే మగది ఆడదాన్ని రోజంతా తరుముతుంది. అప్పుడు దాక్కునేది ఆడది. "మా కిల్లీ బెరుకు" అని చెప్పేవాళ్ళలో చాలామందికి అసలు ఇబ్బంది ఇదే. రంగులేని చేప ఒకటి మూలన, రంగుల చేప ఒకటి దర్జాగా తిరుగుతుంటే ఇంక వేరే కారణం వెతకొద్దు, ఇంకో ఆడదాన్ని తెండి, జావా మాస్ ఒక పక్క గుబురుగా పెట్టండి.

అడుగున్నర ట్యాంకులో రెండు మగ గార్డ్నరీలు వద్దు. రెండు రకాల కిల్లీలు కూడా వద్దు. దగ్గరి రకాల ఆడవి ఒకేలా ఉంటాయి, తర్వాత ఏది ఎవరి గుడ్డో తెలీదు.

7. తోడు చేపల్ని ఎంచుకోండి

సూత్రం చిన్నదే. పైభాగం కిల్లీకి వదిలెయ్యాలి, తోడువాళ్ళు మధ్యలోనో అడుగునో తిరిగేవాళ్ళై ఉండాలి. నెమ్మదిగా గుంపుగా ఈదే చేపలు ఎదురుగా తిరుగుతుంటే కిల్లీకి "బయట ప్రమాదం లేదు" అని తెలుస్తుంది. తోడు వల్ల వచ్చే అసలు లాభం ఇదే. అల్లరి గుంపైతే దీనికి పూర్తిగా వ్యతిరేకం జరుగుతుంది.

గార్డ్నరీ, లైర్‌టైల్ ఉన్న అడుగున్నర ట్యాంకుకి: ఎంబర్ టెట్రాలు ఎనిమిది, లేదా పిగ్మీ కోరీలు (అడుగున తిరిగే చిట్టి చేపలు) ఆరు. రెండూ కాదు, ఏదో ఒకటి. నెరైట్ నత్తలు రెండు మూడు ఉండొచ్చు.

గోల్డెన్ వండర్ ఉన్న రెండడుగుల ట్యాంకుకి: బ్రాంజ్ కోరీలు ఐదారు, లేదా చెర్రీ బార్బులు ఆరు. ఎంబర్, నియాన్ లాంటి సన్నటివి వద్దు. మొదట్లో కలిసే ఉంటాయి, గోల్డెన్ వండర్ పెరిగేకొద్దీ లెక్క తగ్గుతూ పోతుంది. నోట్లో పట్టేదాన్ని అది వదలదు. పంచాక్స్‌కి కూడా ఇదే జాబితా, అడుగున్నర ట్యాంకైతే నాలుగు చెర్రీ బార్బులతో ఆపండి.

క్లౌన్ కిల్లీకి: నత్తలు, చెర్రీ రొయ్యలు. అంతే. ఎంత నెమ్మదైన చేపైనా దీనికంటే ముందే మేత దగ్గరికి చేరుతుంది. చెర్రీ రొయ్యల్ని గార్డ్నరీతో కూడా ఉంచొచ్చు గానీ పిల్లలు మిగలవు. గోల్డెన్ వండర్‌తో అయితే పెద్దవి కూడా మిగలవు.

కూలీ లోచ్: వేడికి తట్టుకుంటుంది, అడుగునే ఉంటుంది, ఎవరి జోలికీ పోదు. సన్నటి ఇసుక ఉండి, నాలుగైదు కలిపి వేసేట్టయితే మంచి ఎంపిక. కాకపోతే అది కిల్లీ కంటే ఎక్కువ దాక్కుంటుంది, ట్యాంకులో ఏమీ కనబడటం లేదని మళ్ళీ నన్నే అడగకండి.

ఇక షాపులో సులువుగా దొరికేవి, అంటగట్టేవి:

గప్పీ, మోలీ: పైభాగంలోనే తెగ తిరుగుతాయి, మేత దగ్గర ఎగబడతాయి. గప్పీల పొడుగు తోక గోల్డెన్ వండర్‌కి కవ్వింపు, పిల్లలు దానికి పలహారం. వద్దు.

ఫైటర్: అదీ పైభాగం చేపే. ఇద్దరికీ ఒకే చోటు కావాలి. వద్దు.

టైగర్ బార్బ్, విడో టెట్రా (గ్లో టెట్రా పేరుతో మెరిసే రంగుల్లో అమ్మేది ఇదే రకం): తోకలు కొరుకుతాయి. అస్సలు వద్దు.

జీబ్రా (జీబ్రా డానియో చేప): కరవదు గానీ నిలకడ లేదు. చిన్న ట్యాంకులో ఇటూ అటూ దూసుకుపోతుంటే కిల్లీకి టెన్షన్. రెండడుగుల్లో గోల్డెన్ వండర్ అయితే ఓర్చుకుంటుంది.

గోల్డ్ ఫిష్, ఏంజెల్, పెద్ద గౌరామీ: చర్చ అక్కర్లేదు.

సక్కర్ ఫిష్: "నాచు తింటది, ట్యాంకు క్లీన్‌గా ఉంటది, ఒకటేసుకో" అని చేతిలో పెడతారు. అది అడుగు దాటి పెరిగే చేప. మొహమాటపడకుండా వద్దనండి.

ఇక్కడ కోరుకున్న రకం దొరకడం లేదా? నెల్లూరు, ఒంగోలు నుంచి రైలెక్కితే చెన్నై కొళత్తూరు అలంకార చేపల మార్కెట్‌కి వెళ్ళి రావొచ్చు. కిల్లీల్ని, ముఖ్యంగా మగవాటిని, ఒక్కోదాన్ని ఒక్కో కవర్లో కట్టమనండి. ఎండలో ప్రయాణమైతే థర్మాకోల్ పెట్టె తీసుకెళ్ళండి.

8. కలిపే రోజు ఇలా చెయ్యండి

కొత్తవాటిని ముందు రెండు వారాలు టబ్బులో విడిగా ఉంచండి. తెల్ల చుక్కలు, ఒళ్ళు గీరుకోవడం, బూజు లేవని తేలాకే ట్యాంకు దగ్గరికి తేవాలి.

సాయంత్రం లైటు ఆర్పాక కలపండి. కలిపే ముందు మొక్కలు, కర్ర ముక్కల చోట్లు కొద్దిగా మార్చండి. అప్పుడు మగ కిల్లీకి కూడా అది కొత్త ఇల్లే, "నా మూల" అని తగువుకి రాదు. కవరుని అరగంట తేలేసి, ట్యాంకు నీళ్ళు గ్లాసుతో కొంచెం కొంచెంగా కలుపుతూ ఇంకో గంట ఆగి, చేపని మాత్రమే వలతో తీసి వెయ్యండి. కవరు నీళ్ళు పారబోయండి. అన్ని చేపల్నీ ఒకే రోజు వెయ్యొద్దు, గుంపులో సగం ఇప్పుడు, మిగతా సగం వారం తర్వాత. చిన్న ట్యాంకులో ఫిల్టర్ అంత భారం ఒకేసారి మొయ్యలేదు.

ఆ రాత్రి మేత వెయ్యొద్దు.

9. మేత కిల్లీకే అందేలా చూడండి

బెరుకు చేప ఆకలితో ఉంటే ఇంకా బెరుకవుతుంది. రెండు చోట్ల వెయ్యండి. ముందుగా ఒక చివర తోడు చేపలకి మునిగే గుళికలు వెయ్యండి, అవి అటు పోగానే రెండో చివర మొక్కల మధ్య కిల్లీకి తేలే మేత వెయ్యండి.

చాలా కిల్లీలు మొదట్లో ఎండు మేత ముట్టవు, కదిలేదే తింటాయి. ఆర్టీమియా (ఉప్పు నీళ్ళలో బతికే, రొయ్యలాంటి చిట్టి జీవి) పిల్లలు అన్నిటికంటే మంచివి. మన తీరంలో రొయ్యల హేచరీల పుణ్యమా అని ఆర్టీమియా గుడ్ల డబ్బాలు ఆక్వా షాపుల్లో ఉంటాయి. పెద్ద డబ్బా కొనలేకపోతే నలుగురు కలిసి పంచుకోండి, గాలి చొరకుండా ఫ్రిజ్‌లో పెట్టుకోండి. లీటరు నీళ్ళకి 25 నుంచి 30 గ్రాముల కల్లుప్పు (అయోడిన్ లేనిది) కలిపి, అర చెంచా గుడ్లు వేసి, ఎయిర్ పంపు గొట్టం అడుగుదాకా పెట్టి బాగా పొంగేలా గాలి వదలండి. 28 డిగ్రీల దగ్గర ఒక రోజులో పిల్లలవుతాయి. గాలి ఆపితే పెంకులు పైకి తేలతాయి, పిల్లలు కిందికి దిగుతాయి. కింది నీళ్ళే గొట్టంతో తీసి, పల్చటి గుడ్డలో వడకట్టి, మంచినీళ్ళతో ఒకసారి కడిగి వెయ్యండి. ఉప్పు నీళ్ళతో సహా పోసేయొద్దు.

దోమ లార్వాలు కిల్లీకి పండగే. కానీ వాటి కోసం ఇంట్లో బకెట్ నీళ్ళు నిలవ పెట్టకండి, డెంగీ తెచ్చుకున్నట్టే. ఎక్కడైనా నిలవ నీటిలో కనబడితే పట్టుకొచ్చి, రెండు నిమిషాల్లో తినేసేంతే వేసి, మిగిలినవి ఎండలో నేలమీద పారబోయండి. మురుగు కాలువలవి వద్దు.

కుదురుకుందో లేదో ఎలా చూడాలి

మీరు ట్యాంకు ముందు కూర్చుని చూస్తే సరైన జవాబు రాదు, అది మిమ్మల్ని చూస్తుంటుంది. ఫోను ట్యాంకుకి ఎదురుగా నిలబెట్టి వీడియో పెట్టి గదిలోనుంచి వెళ్ళిపోండి. పదిహేను నిమిషాల తర్వాత చూడండి. మీరు లేనప్పుడు హాయిగా తిరుగుతుంటే ట్యాంకు బాగానే ఉన్నట్టు, అలవాటు పడాల్సింది మనుషులకే. రోజూ ఒకే వేళకి, ఒకే వైపు నుంచి, నెమ్మదిగా వచ్చి మేత వేస్తుంటే అది తీరిపోతుంది. వీడియోలో కూడా మూలనే ఉంటే 3 నుంచి 6 దాకా ఉన్న మెట్లు మళ్ళీ చూసుకోండి. తోడు చేపలు వచ్చాకే ఇలా అయితే వీడియోలో ఎవరు ఎవర్ని తరుముతున్నారో కూడా దొరుకుతుంది.

రెక్కలు చూడండి. విప్పుకుని ఉంటే ధైర్యంగా ఉన్నట్టు, ఒంటికి అతుక్కుని ఉంటే భయమో జబ్బో. మగదాని రంగు సాయంత్రానికి నిండుగా రావాలి. ఆడది ఎప్పుడూ వెలిసినట్టే ఉంటుంది, దానికి కంగారు పడొద్దు. తోక అంచు చిరిగి కనబడితే ఇంట్లో దొంగ ఉన్నట్టే, గాయం మానేదాకా కిల్లీని కాదు, కొరికినదాన్ని టబ్బులోకి మార్చండి.

చీకట్లో టార్చి ఏటవాలుగా కొట్టి చూడండి. ఒంటిమీద బంగారు పొడి చల్లినట్టు సన్నటి మెరుపు ఉండి, మొప్పలు వేగంగా ఆడుతూ, ఆకులకి ఒళ్ళు రుద్దుకుంటుంటే అది వెల్వెట్ జబ్బు. కిల్లీలకి తరచుగా వచ్చేదే. లైటు ఆపి, ట్యాంకుని గుడ్డతో కప్పి, ఆ రోజే మందు తెచ్చి మొదలుపెట్టండి. పొట్ట లోపలికి పోయి, తెల్లటి దారంలా విసర్జిస్తుంటే కడుపులో పురుగులు ఉండొచ్చు. ఈ రెండిట్లో ఏ లక్షణమున్నా తోడు చేపల సంగతి పక్కన పెట్టేయండి.

మూడు నాలుగు వారాలకి మేత వేళ తనంతట తాను పైకి వస్తుంటే పని అయినట్టే. అప్పుడిక ట్యాంకుని కదపకండి, కొత్త బొమ్మలు పెట్టకండి. నాలుగు వారాల తర్వాత కూడా తోడు చేపల వల్ల లోపలే ఉంటే ఆ తోడుని తీసేయండి. కిల్లీలు మాత్రమే ఉన్న ట్యాంకు తక్కువదేం కాదు, అడుగు ట్యాంకు విషయంలో నేను చెప్పేది మొదటినుంచీ అదే.

తీసేసిన చేపల్ని షాపులో తిరిగి ఇవ్వండి, ఊరికే ఇస్తే తీసుకుంటారు. లేదా పెద్ద ట్యాంకు ఉన్నవాళ్ళకి ఇవ్వండి. పెన్నలోనో, ఊరి చెరువులోనో వదలడం పుణ్యం అనుకోవద్దు. ఆంధ్రలో చెరువు రైతులు డెవిల్ ఫిష్ అని తిట్టుకునేది ఇలా ట్యాంకుల్లోంచి బయటపడిన సక్కర్ ఫిష్ జాతినే.